గోధుమ లేని ఇంట్లో జొన్న బిస్కెట్లు

ఇది రాయడానికి కూర్చున్నానంటే, కూర్చోగలుగుతున్నానని అర్థం. పోయినేడు ఎండాకాలంలో గోడకు ఆనుకోకుండా కాసేపు కూర్చోవడం కూడా నాకు చేతనయ్యేది కాదు.

నా పేరు సుజాత. నేను బస్సు కండక్టర్‌ని. సిద్దిపేట నుంచి కోహెడ మీదుగా హుస్నాబాద్ వెళ్లే బస్సులో ఎక్కువగా నా డ్యూటీ. మా ఆయన వెంకటేశం పాత బస్టాండు దగ్గర మోటార్లకు రాగితీగ చుట్టి వైండింగ్ చేసే దుకాణం నడుపుతాడు. ఇంట్లో మా అత్తమ్మ ఉంటుంది, ఇంటర్ చదివే మా బిడ్డ అక్షిత ఉంటుంది. జబ్బు వచ్చింది నాకొక్కదానికే. దాన్ని మోసింది మాత్రం నలుగురం.

నాలాగే ఏం జబ్బో తెలియక దవాఖానల చుట్టూ తిరుగుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకోసం ఈ నాలుగు మాటలు. నా మనసు కుదుటపడటం కోసం కూడా.

తెలియని రోజులు

మొదట కడుపు ఉబ్బరం. తర్వాత విరేచనాలు. ఒక వారం తగ్గేవి, మళ్లీ మొదలయ్యేవి. గ్యాస్ అన్నారు, గోలీలు ఇచ్చారు. రక్తం తక్కువుందన్నారు, సీసాలు ఎక్కించారు. ఎక్కించిన రక్తం ఎటు పోతుందో తెలిసేది కాదు. జాకెట్లు వదులయ్యాయి. దువ్వెన నిండా వెంట్రుకలు. మెడలో వేసుకున్న టికెట్ మిషన్ ఎవరో నా మెడ పట్టుకుని వేలాడుతున్నంత బరువుగా ఉండేది.

బస్సులో పనిచేసే ఆడదానికి కడుపు జబ్బు వస్తే ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా? దారిలో ఆగే చోటు ఉండదు. డ్యూటీ ఉన్న రోజు నీళ్లు తాగడం మానేశాను. అయినా కొన్నిసార్లు ఆగేది కాదు. మా డ్రైవర్ యాదగిరన్న అద్దంలో నా ముఖం చూసే గుర్తుపట్టేవాడు. కోహెడ దాటాక రోడ్డు పక్కన లచ్చవ్వ అనే ముసలామె ఇల్లుంది. మొదటిసారి ఆ ఇంటిముందు బస్సు ఆపి, "చెల్లె, ఆ అవ్వనడుగు పో. నేను టైర్ల గాలి జూస్తున్నట్టు జేస్త" అన్నాడు.

నేను సిగ్గుతో చచ్చిపోతూ వెళ్లాను. లచ్చవ్వ ఒక్క మాట అడగలేదు. నీళ్ల బకెట్ తెచ్చి బాత్రూం ముందు పెట్టింది. నేను బయటికి వచ్చాక, "రోజు గిదే బస్సా బిడ్డా?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత మా బస్సు వచ్చే వేళకు ఆమె గేటు తెరిచే ఉండేది. నాకు అవసరం లేని రోజుల్లో కూడా తెరిచే ఉండేది. బస్సు నిండా మనుషులు, ఎండలో, పనులమీద పోతున్నవాళ్లు. వాళ్లలో ఒక్కరూ ఎందుకాపారని గొడవ చేయలేదు. నేను తిరిగి ఎక్కేటప్పుడు ఎవరో ఒకరు లేచి నాకు సీటు ఇచ్చేవారు. మనుషుల మీద నాకు ఇంత నమ్మకం అంతకుముందు లేదు.

ఇంట్లో మాత్రం నమ్మకాలు సన్నబడుతున్నాయి. మా ఆయన డ్యూటీ మానెయ్యమనేవాడు. నేను మాననేదాన్ని. మాట మాట పెరిగి ఇద్దరం వేర్వేరు గదుల్లో అన్నం తిన్న రోజులున్నాయి. అత్తమ్మ మొక్కని దేవుడు లేడు. చుట్టాలు, పక్కింటివాళ్లు వచ్చి చూసిపోయేవారు. మన దగ్గర జబ్బు మనిషిని చూడటానికి వచ్చేవాళ్లు ఏం తెస్తారు? బ్రెడ్డు, రస్కులు, బిస్కెట్ ప్యాకెట్లు. సాయంత్రం దుకాణం మూసి మా ఆయన కూడా బ్రెడ్డే తెచ్చేవాడు, తేలిగ్గా అరుగుతుందని. "అన్నంల ఏం బలముంటది, చపాతీలు తినిపియ్యి" అని అందరూ చెబితే అత్తమ్మ రెండు పూటలా చపాతీలు చేసేది. వాళ్ల ప్రేమ అంతా గోధుమ రూపంలో నా కడుపులోకి పోయింది. ఎంత తింటే అంత చిక్కిపోయాను.

ఒకరోజు పక్కింటామె గుమ్మంలో నిలబడి అత్తమ్మతో, "క్యాన్సరేమో సూపిచ్చిన్రా?" అని మెల్లగా అడగడం అక్షిత విన్నది. ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని నా చేతి గాజును పైకీ కిందికీ జరుపుతూ ఉండిపోయింది. గాజు మోచేతి దాకా పోయింది. అక్షిత ఆ గాజువైపే చూస్తోంది. "చదువుకోరాదు" అన్నాను. "చదువుతున్న మమ్మీ" అంది, పుస్తకం లేకుండా.

హైదరాబాద్

వానలు మొదలయ్యాక ఎవరో చెబితే హైదరాబాద్‌లో కడుపు జబ్బుల డాక్టరమ్మ దగ్గరికి పోయాం. అక్కడి హాలులో కూర్చున్నవాళ్ల ముఖాలు చూస్తుంటే, ఒక్క బస్సు నిండా నాలాంటి మనుషులే ఎక్కినట్టు అనిపించింది. ఎవరి ఫైలు వాళ్లు గుండెకు ఆనించి పట్టుకున్నారు. నా పక్కన మద్దూరు నుంచి వచ్చిన ఒకామె ఉంది. ఆమె భర్తకు లివర్ పాడైందట. నా పేరు పిలిచినప్పుడు లేవలేక తడబడితే, ఆమె నా చెప్పులు జరిపి కాళ్ల ముందు పెట్టింది. తన మనిషి అంత కష్టంలో ఉండగా ఇంకొకరి చెప్పులు కనిపించిన ఆ కళ్లను నేను మరిచిపోను.

రక్తం తీశారు. గొంతులోంచి కెమెరా పంపి చూశారు. పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రెండోసారి పోయినప్పుడు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, "కొత్త టవల్ చూశారు కదమ్మా? దానిమీద చిన్న చిన్న దారాలు లేచి మెత్తగా ఉంటాయి. మన చిన్న పేగు లోపల అట్లాగే ఉంటుంది. తిన్న తిండిలోని బలాన్ని ఒంటికి పట్టించేది ఆ దారాలే. మీ పేగులో అవి అరిగిపోయాయి. చదునుగా అయిపోయింది" అంది.

"ఎందుకరిగినయి మేడం?"

"గోధుమలో ఒక జిగురుంటుంది. గ్లూటెన్ అంటారు. చపాతీ పిండి లాగితే సాగుతుంది చూడండి, దానివల్లే. అందరికీ అది మామూలు తిండే. మీ ఒంటికి మాత్రం శత్రువులా కనిపిస్తోంది. దానితో పోట్లాడుతున్నాననుకుని మీ పేగునే కొట్టుకుంటోంది. ఈ జబ్బును సీలియాక్ అంటారు."

"మందు?"

"గోధుమ మానడమే మందు. రవ్వ, మైదా, సేమ్యా, బార్లీ అన్నీ. చిటికెడు కూడా కాదు. ఇక ఎప్పటికీ."

"మరి ఆ దారాలు, మల్ల మొలుస్తయా మేడం?"

"మొలుస్తాయి. మీరు గోధుమ ముట్టకపోతే చాలు, వాటంతట అవే వస్తాయి."

నా లోపల, నాకు కనబడని చోట, కోసిన చేను మళ్లీ పచ్చబడినట్టు ఏదో మొలవడానికి కాచుకుని ఉందట. దానికి నేను చేయాల్సింది మళ్లీ గోధుమతో కొట్టకుండా ఉండటమేనట.

తిరుగు బస్సులో మా ఆయన చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గర పడుతుండగా, "చపాతా?" అన్నాడు. "గిన్ని గోలీలు, గిన్ని సీసాలు. చపాతా?" తర్వాత గొంతు తగ్గించి, "బ్రెడ్డు నేనే తెచ్చిన గదనే రోజు" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి.

"నేను బతకాలని తెచ్చినవ్" అన్నాను.

గిర్ని రాయి

అత్తమ్మ పుట్టిల్లు నారాయణరావుపేట. డాక్టరమ్మ చెప్పింది విని, "గంతేనా? మా అవ్వగారింట్ల పండుగకే గోదుమలు. మిగిలిన దినాలు జొన్నరొట్టెలే. నేను జేస్త" అంది. ఆ రోజే గోధుమ పిండి డబ్బా, రవ్వ, సేమ్యా పొరుగువాళ్లకు ఇచ్చేసింది. చపాతీ పీట, కర్ర కూడా ఇంట్లో ఉంచలేదు. నా ఒక్కదానికోసం నలుగురి నోళ్లు కట్టడం ఎందుకని అంటే, "నువ్వు గిన్నె గిన్నె అనుమానంగ జూస్కుంట తింటవా? ఇల్లంత ఒక్కతీరుగనే తింటం" అంది.

కొన్నాళ్లకు ఉబ్బరం తగ్గింది. కాళ్లలో సత్తువ వచ్చింది. ఇక బయటపడ్డాననుకున్నాను. అంతలో మళ్లీ మొదలైంది, మునుపటిలాగే. అందరం భయపడిపోయాం. గోధుమ ముట్టలేదు కదా, మరి డాక్టరమ్మ చెప్పిన జబ్బే కాదా? మా ఆయన ఫైలు తీసి ఫ్యాను కింద కూర్చుని ఏం అర్థం కాకపోయినా కాగితాలు తిప్పుతూ ఉండేవాడు.

అత్తమ్మ ఒకరోజు జొన్నలు పట్టించడానికి పిండి గిర్నికి పోయి, సంచి విప్పకుండానే తిరిగొచ్చింది. వాకిట్లోనే చెప్పింది. "నాకంటె ముందుగాల ఒకామె గోదుమలు పట్టిచ్చుకుంటుంది. రాయినిండ తెల్లగ పట్టుకొనున్నది సుజాతా ఆ పిండి. గదే రాయి మీద గద మన జొన్నలు వోసుడు."

రొట్టెలో గోధుమ లేదు. గిర్ని రాయికి అంటుకున్న పొడి ఉంది. అంత కొంచెం నన్ను పడగొట్టగలదంటే నేను చాలాసేపు నమ్మలేకపోయాను. మా ఆయన మాత్రం లేచి దుకాణానికి వెళ్లాడు. కొద్దిరోజుల్లో ఇంటికి సరిపోయే చిన్న పిండి మిషన్ ఒకటి, కొత్తదే, బక్కెట్టంత ఉంటుంది, తెచ్చి వంటింటి మూల పెట్టాడు. దాని మోటారు బలం చాలదని మళ్లీ తనే రాగితీగ చుట్టాడట. అత్తమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. మొదటి పిండి వెచ్చగా నా అరచేతిలో పడ్డప్పుడు, ఇది నావాళ్లు నాకోసమే పుట్టించిన పిండి అనిపించింది.

అప్పటినుంచి జబ్బు నిజంగా వెనక్కి తగ్గడం మొదలుపెట్టింది.

బిస్కెట్

హైదరాబాద్ పోయినప్పటి నుంచి సెలవులో ఉన్నదాన్ని, బతుకమ్మ పండుగ అయ్యాక మళ్లీ డ్యూటీలో చేరాను. అన్నం డబ్బా ఉండేది కాబట్టి తిండికి కొదవలేదు. కానీ బస్టాండులో చాయ్ తాగే వేళ ఒకటుంది. అందరూ బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటూ మాట్లాడుకుంటారు. నేను చాయ్ గ్లాసు పట్టుకుని నవ్వుతూ నిలబడతాను. ఇది కష్టమని చెప్పుకుంటే నవ్వుతారు. చావు దగ్గరికి పోయొచ్చిన మనిషికి బిస్కెట్ మీద మనసేంటని. ఉంటుంది. జబ్బు మనిషినన్న సంగతి నాకు దవాఖానలో కంటే ఆ చాయ్ బండి దగ్గరే ఎక్కువ గుర్తొచ్చేది.

ఒకరోజు కాలేజీ నుంచి వస్తూ అక్షిత నన్నట్లా చూసిందట. ఆ ఆదివారం వంటింట్లోకి వచ్చి, "మమ్మీ, జొన్న పిండితోని బిస్కెట్ చేద్దామా?" అంది.

"బియ్యపు పిండి సకినాలు లేవా, సర్వపిండి లేదా? బిస్కెట్ ఏంటికే?" అంది అత్తమ్మ.

"సకినం చాయల ముంచుకుంటరా నానమ్మా?"

"నేను ముంచుకుంట."

అయినా కొంగు బిగించి వచ్చి కూర్చున్నది అత్తమ్మే. జొన్న పిండి, నెయ్యి, బెల్లం పొడి కలిపి బిళ్లలు ఒత్తాం. కుక్కర్‌లో ఉప్పు పోసి, గిన్నె పెట్టి, సన్నటి సెగ మీద ఉంచాం. మూత తీస్తే చూడటానికి బాగానే ఉన్నాయి. పట్టుకోబోతే వేళ్ల మధ్య ఇసుకలా రాలిపోయాయి. ఒక్కటీ నిలవలేదు. అత్తమ్మ ఆ పొడిని ఇంకొంచెం నెయ్యితో ముద్ద చేసి లడ్డూలు కట్టేసింది. "బిస్కెట్ గాలేదుగని, మంచిగనే ఉన్నయి" అంది.

తర్వాతి ఆదివారం ఆమె, "రొట్టెకు ఉడుకు నీళ్లు వోస్తం గద, దీనికీ వోద్దాం" అంది. పోశాం. ఈసారి రాలలేదు. విరగనూ లేదు. మా ఆయన ఒకటి నేలమీద కొట్టి చూసి, "గిది మోటారుల బేరింగ్ కింద పెట్టొచ్చు" అన్నాడు. మా ఇంట్లో అందరం ఒకేసారి నవ్వి ఎంత కాలమైందో.

ఆ ముద్దలు పిసుకుతుంటే నాకొక విషయం తట్టింది. ఇన్నేళ్లు చపాతీ పిండి కలిపాను. లాగితే సాగేది, వదిలితే ముడుచుకునేది. అదేం వింతో ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆ జిగురు లేని పిండి నా చేతుల్లో విడిపోతూ ఉంటే, లోకంలో సగం మంది రొట్టెను పట్టి ఉంచుతున్నది కంటికి కనబడని ఆ జిగురే కదా అనిపించింది. నన్ను ముక్కలు చేసింది కూడా అదే. దానిమీద కోపం రాలేదు. ఏదో పెద్ద దాని ముందు నిలబడ్డట్టు అనిపించింది.

ఇంకా చాలా చెడగొట్టాం. కొన్ని మాడాయి, కొన్ని లోపల పచ్చిగా మిగిలాయి. అక్షిత ఫోనులో చూసి అవిసె గింజల పొడిని నీళ్లలో నానబెట్టింది. అది కాసేపటికి గుడ్డు తెల్లసొనలా జారుడుగా అయింది. అత్తమ్మ పిండిలో కొంత మాత్రం ఉడుకు నీళ్లతో తడిపి, మిగిలింది పొడిగానే ఉంచింది. రెండూ కలిపి, నువ్వులు వేసి, తడిబట్ట కప్పి వదిలేశాం. మా ఆయన ఓవెన్ కొనుక్కొచ్చాడు. పాత సామాన్లు కొని అమ్మే తెలిసినవాళ్ల దగ్గర కాయిల్ కాలిపోయి పడి ఉన్నదట. కాయిల్ మార్చి, లోపల ఎవరో కాల్చిన కేకుల మైదా ఉంటుందని ప్రతి మరమేకు ఊడదీసి, మూడు రకాల బ్రష్షులతో కడిగి, ఎండబెట్టి మళ్లీ బిగించాడు.

ఆ రోజు బిస్కెట్ నా చేతిలో నిలిచింది. విరిస్తే టక్కుమని విరిగింది. చాయ్‌లో ముంచాను. కరిగిపోకుండా తడిసి, నోట్లో పెట్టుకున్నాక కరిగింది. నావైపు మూడు ముఖాలు అట్లాగే చూస్తున్నాయి. నేను రెండోది అందుకున్నాను.

కొత్త టవల్

ఈ ఎండాకాలం మొదట్లో హైదరాబాద్‌లో మళ్లీ కెమెరా పెట్టి చూశారు. డాక్టరమ్మ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించింది. మొదటిది పోయినేటిది. వానకు కొట్టుకుపోయిన నేలలా నున్నగా ఉంది. రెండోదాంట్లో సన్నటి మొలకలు, ఒత్తుగా, నిలబడి ఉన్నాయి. చాలావరకు వచ్చేశాయంది. నేను డ్యూటీ చేస్తూ, అక్షితతో పోట్లాడుతూ, చాయ్ తాగుతూ ఉన్న రోజులన్నీ నా లోపల ఇదంతా జరుగుతూనే ఉంది. నేను అడగకుండానే. ఆ బొమ్మను ఎంతసేపు చూశానో నాకు తెలియదు. డాక్టరమ్మ తొందర పెట్టలేదు.

తర్వాత ఆమె, "మీ పాపకు పరీక్ష చేయించారా?" అని అడిగింది.

ఇది రక్తసంబంధం వెంట వచ్చే జబ్బు. పిల్లలకు ఉండొచ్చని ముందే చెప్పింది. నేను వాయిదా వేస్తూ వచ్చాను. పైగా పరీక్షలో తెలియాలంటే కొన్ని వారాలు రోజూ గోధుమ తినాలట. మా ఇంట్లో గోధుమే లేదు కదా.

"నాకొద్దు, తెలిసి ఏం జేస్త?" అంది అక్షిత మొదట. కొద్దిరోజుల తర్వాత ఒక పొద్దున తనే చెప్పింది. "టెస్ట్ చేపిచ్చుకుంట మమ్మీ. కని బ్రెడ్ ఇంట్లకు తేవద్దు. నేను బయట తింట."

రోజూ పొద్దున వాకిట్లో బండి సీటు మీద కూర్చుని బ్రెడ్ తినేది. ముక్కలు కింద పడకుండా ఒడిలో కాగితం పరుచుకునేది. తిన్నాక నల్లా కింద చేతులు, మూతి కడుక్కుని, బట్టలు దులుపుకుని, అప్పుడు లోపలికి వచ్చి నన్ను ముట్టుకునేది. నేను తలుపు సందులోంచి చూసేదాన్ని. ఏ తిండి నన్ను నమిలేసిందో దాన్ని నా బిడ్డ నా కళ్లముందు నములుతోంది. సాయంత్రం దాని ముఖం చూసి, "కడుపునొప్పి లేదు గద?" అని అడగబోయి ఆగేదాన్ని.

సిద్దిపేటలో రక్తం ఇచ్చాం. రిపోర్టు చూసి డాక్టరమ్మే ఫోన్ చేస్తానంది. ఆ రోజు నాకు సెలవు. ఎవరం కుదురుగా లేము. "ఊకె కూసుంటె పానం ఆగుతలేదు, పిండి కలుపుదాం పాండి" అంది అత్తమ్మ.

బిళ్లలు ఒత్తి లోపల పెట్టాక నలుగురం ఓవెన్ ముందు నేలమీద కూర్చున్నాం. అద్దంలోంచి ఎర్రటి వెలుగులో బిస్కెట్లు మెల్లగా వెడల్పు అవుతున్నాయి. పైన సన్నటి పగుళ్లు విచ్చుకుంటున్నాయి. నువ్వులు వేగిన వాసన ఇల్లంతా పట్టింది. ఎన్నిసార్లు చేసినా ఆ పగుళ్లు విచ్చుకోవడం మేము చూడకుండా ఉండలేము. ఫోన్ మోగింది. మా ఆయన చేతులు తుడుచుకుని స్పీకర్ పెట్టాడు.

"రిపోర్టు చూశానండీ. పాపకు లేదు" అంది డాక్టరమ్మ. నేను గోడకు ఆనుకున్నాను. "ఇప్పటికైతే లేదు. మున్ముందు రావచ్చు కాబట్టి కొన్నేళ్లకు మళ్లీ ఒకసారి చూద్దాం."

ఫోన్ పెట్టేశాక, లేదన్న మాట కంటే ఇప్పటికి అన్న మాటే గదిలో మిగిలింది. "గట్లంటరు గని, రాదు" అంది అత్తమ్మ, గట్టిగా, ఎవరితోనో కొట్లాడుతున్నట్టు.

అక్షిత లేచి ఓవెన్ తలుపు తెరిచి, బట్టతో పళ్లెం బయటికి తీసింది. ఒక బిస్కెట్ తీసుకుని చేతులు మార్చుకుంటూ ఊదింది. "వస్తే వస్తది నానమ్మా. గివి తింట" అంది.

సగం కొరికి, నమిలి, కొంచెం ఆలోచించింది.

"మమ్మీ, ఉప్పు జర తక్కువైంది."

ఏడాదిగా నేను పైకి అనడానికి భయపడ్డ 'వస్తే వస్తది' అన్న మాటను నా బిడ్డ ఉప్పు సంగతి చెప్పిన గొంతుతోనే చెప్పేసింది. నేను లేచి మిగిలిన ముద్దలో చిటికెడు ఉప్పు వేసి కలిపాను. రెండో పళ్లెం లోపల పెట్టి, నలుగురం మళ్లీ అద్దం ముందు కూర్చున్నాం.